మహేశ్వరి దూరం కూర్చున్న రోజులు

నెలకు మూడు రోజులు నా బిడ్డ మహేశ్వరి పనికి పోకుండా ఇంట్లో కూర్చునేది. ముట్టు వచ్చి కాదు. ముట్టు రాదన్న సంగతి ఎవరికీ తెలియకూడదని.

కూర్చోబెట్టేది నేనే.

దానికి గర్భసంచి లేదు. పింకి పుట్టిన మూడో ఏడు నడుము నొప్పి, తెల్లబట్ట అని నిజామాబాద్‌లో ఒక ప్రైవేటు దవాఖానకు తీసుకుపోయాను. డాక్టరమ్మ కడుపు మీద మిషన్ తిప్పి చూసి, సంచికి పుండు అయింది, ఉంచితే క్యాన్సర్ అవుతుంది, ఈ వారంలోనే తీసేయాలి అన్నది. క్యాన్సర్ అన్న మాట విన్నాక ఇంకేం వినిపిస్తుంది? దానికి అప్పటికి ఇరవై నాలుగు నిండలేదు. అల్లుడు హన్మండ్లు దుబాయిలో ఉన్నాడు. మోర్తాడ్‌లో ఉన్న వియ్యపురాలు లసుమవ్వకు కబురు పెడితే, మనవడు పుట్టక ముందే సంచి ఎట్లా తీస్తారని దవాఖాన మెట్ల మీదనే పంచాయితీ పెట్టేది. పంచాయితీ తెగేసరికి నా బిడ్డ ఉంటుందో ఉండదో. అందుకని ఇరవై నాలుగు గంటల నొప్పి, అదే అపెండిక్స్ నొప్పి, వచ్చింది, దానికే ఆపరేషన్ అయింది అని చెప్పి పంపాను. కుట్లు చూసి ఏ ఆపరేషనో చెప్పేంత చదువు మా రెండు ఇళ్లలోనూ ఎవరికీ లేదు.

తర్వాత మా వాడకట్టులోనే ఇంకో నలుగురు ఆడవాళ్లకు అదే ఆపరేషన్ అయింది. నలుగురికీ క్యాన్సర్ అవుతుందనే చెప్పారట. ఒక్క వాడకట్టు మీద అంత పగ పట్టిన రోగం ఏమిటో నాకు అర్థం కాలేదు. అయితే ఆ నలుగురికీ ఇద్దరేసి మగపిల్లలు ఉన్నారు. వాళ్లు బజార్లో నిలబడి చెప్పుకున్నా నడుస్తుంది. నా బిడ్డకు నడవదు. లసుమవ్వ ఫోన్ చేసినప్పుడల్లా ఒకటే మాట, కొడుకు సెలవు మీద వస్తాడు, ఈసారి మనవడే అని. సంచి లేదని తెలిసిన రోజు మహేశ్వరికి మోర్తాడ్‌లో చోటు ఉండదు, ఇంకో పిల్లను తెస్తారు. ఈ భయంతోనే పొద్దున లేచేదాన్ని, ఈ భయంతోనే పడుకునేదాన్ని.

మోర్తాడ్ ఇంట్లో పెద్దకొడుకు సంసారం ఉంది, చోటు ఇరుకు. అందుకని హన్మండ్లు వచ్చేదాకా మహేశ్వరి, పింకి ఆర్మూర్‌లో నా దగ్గరే ఉండాలని అనుకున్నారు. ఇద్దరం వెంకవ్వ గుంపులో కూలికి పోయేవాళ్లం. పసుపు తవ్వకం మొదలైందంటే వెంకవ్వ పొద్దున్నే ఆటో ఎక్కించేది. గుంపులో అందరికీ అందరి సంగతులూ తెలుసు. ఎవరి మొగుడు తాగుతాడు, ఎవరి టీవీ కాలిపోయింది, ఎవరి రోజులు ఎప్పుడు. రోజులు మరీ తెలియాలి. పసుపు ఉడికించే కళ్లంలోకి ముట్టు ఆడది రాకూడదు. వస్తే పసుపు రంగు చెడుతుందని అందరి నమ్మకం. అందుకే ఎవరిదైనా నెల తప్పితే వెంకవ్వ ముందుగా నవ్వేది, తర్వాత అడిగేది. మొగుడు దుబాయిలో ఉన్న పిల్లకు నెల తప్పితే ఆ నవ్వు ఎటు పోతుందో నాకు తెలుసు.

అందుకని రత్నవ్వను చూసి పెట్టుకున్నాను. రత్నవ్వ మా వెనక సందులో ఉంటుంది. దానికి నెల ఎన్నడూ తప్పదు. రత్నవ్వ కూర్చున్న రోజే మహేశ్వరినీ కూర్చోబెట్టేదాన్ని. పాత గుడ్డలు తడిపి, పక్కింటివాళ్లకు కనబడేటట్టు వెనక దండెం మీద ఆరేసేదాన్ని. దానికి అన్నం వేరే పళ్లెంలో పెట్టేదాన్ని, పింకి కూడా ఎక్కడో ఒక మాట జారుతుందని.

మహేశ్వరి మొదట్లో ఏడ్చింది. తర్వాత తర్వాత ఆ మూడు రోజులూ దానికి సెలవు అయిపోయాయి. హన్మండ్లు పంపిన సీడీ ప్లేయర్‌లో సినిమాలు పెట్టుకునేది, గోళ్లకు రంగు వేసుకునేది, మధ్యాహ్నం పింకిని పక్కలో వేసుకొని పడుకునేది.

"అవ్వా, నిన్ను సినిమావోళ్లు జూస్తె తోల్కపోతరు," అనేది దండెం వైపు చూసి. "గింత యాక్టింగ్ ఎవ్వలకు రాదు."

"నవ్వు. నవ్వు. గా లసుమవ్వకు ఎరుకైన నాడు నవ్వు."

"ఎన్నేండ్లు ఆరేస్తవే గీ గుడ్డలు? నాకు ముసల్తనం వచ్చేదాకనా?"

"నేనున్నన్ని రోజులు ఆరేస్త."

ఆ ఏడు మాఘం దాటాక భూపతి పటేల్ కళ్లంలో పని దొరికింది. పెర్కిట్ దారిలో ఆయనకు పసుపు చేను ఉంది. ఉడకబెట్టడం అయిపోయిన రోజు కూలోళ్లకు దావత్ ఇస్తాడని ఆయనకు పేరు. యాటపోతును కోస్తాడు, కల్లు తెప్పిస్తాడు, టేపు రికార్డర్ పెట్టిస్తాడు. గుంపు ఆడవాళ్లు నెల ముందు నుంచే ఆ దావత్ ముచ్చట్లు చెప్పుకునేవాళ్లు. సరిగ్గా దానికి ముందు రోజు రత్నవ్వ కూర్చున్నది. ఆ సంగతి సాయంత్రం పని నుంచి వచ్చాకే నాకు తెలిసింది.

మర్నాడు పొద్దున్నే చూస్తే మహేశ్వరి తల దువ్వుకుంటోంది.

"ఏడికే?"

"పనికి. దావత్‌కు."

"రత్నవ్వ కూసున్నది. నువ్వు గూడ కూసోవాలె."

"నెలంత కాళ్లు చేతులు గుంజంగ పని జేసిన. ముక్క తినే నాడు ఇంట్ల కూసోవాల్నా?" అన్నది. "లేని ముట్టుకు దావత్ ఎగ్గొడ్తనా నేను? రత్నవ్వ దావత్‌కు రాదు, ఇంట్ల ఉంటది. ఎవ్వలు జూస్తరు నన్ను?"

"ఎవరో ఒగరు జూస్తరు బిడ్డా."

"నీకు ఇంట్ల పిల్లి తుమ్మినా ఎవరో జూసినట్టే."

ఆటో వచ్చింది. అది ఎక్కింది. నేనూ ఎక్కాను. వెనక కూర్చున్న ఆడవాళ్లు పాటలు పాడుతున్నారు, మహేశ్వరి వాళ్లందరి కంటే గట్టిగా పాడుతోంది. చాలా రోజుల తర్వాత దాని గొంతు అంత పైకి లేవడం విన్నాను. ఊరుకోమని మోచేత్తో పొడిచాను.

కళ్లంలో ఆఖరి కడాయి ఎక్కించారు. మేము గంపలతో పచ్చి కొమ్ములు తెచ్చి పోస్తున్నాం. పొగకు కళ్లు మండుతున్నాయి. ఇంకో పక్క మూడు రాళ్ల పొయ్యి మీద యాట కూర ఉడుకుతోంది. అంతలో గేటు దగ్గర రత్నవ్వ కనబడింది. దావత్ వదులుకోవడం దానికీ చేతకాలేదు. లోపలికి రాకుండా దూరంగా వేపచెట్టు కింద కూర్చుని, కొంగు తల మీదికి లాక్కుని, అందరినీ పలకరిస్తోంది.

"వచ్చినవా, ముక్క వాసన ఆర్మూర్ దాక కొట్టిందా?" అన్నది వెంకవ్వ.

"నాకు గిక్కడికే ఏసి పంపు వదినె. నేను లోపలికి రాను, మీ పసుపు ఖరాబ్ కాదు." అని నవ్వి, అటూ ఇటూ చూసి, కడాయి దగ్గరున్న మహేశ్వరిని పట్టింది. "ఏందే పిల్లా! నేనీడ కూసుంటె నువ్వాడ ఉన్నవు? మనిద్దరిది జోడీ గదనే?"

అందరూ నవ్వారు. ఉట్టి మాట. అక్కడితో పోయేది. నేనే ఆగలేకపోయాను.

"దానికి ఈపారి ముందుగాల్నే అయింది," అన్నాను.

"ముందుగాల ఎప్పుడే?" అన్నది వెంకవ్వ. "వారమంత నాతోనే గంపలు మోసింది గదా."

వెంకవ్వ నా ముఖం చూసి, ఇంకేదో అనబోయి, గంప ఎత్తుకుంది.

ఆ తర్వాత భూపతి వచ్చాడు. ముందు రోజు మొగులు పట్టిందని, ఉడికిన పసుపును ఆరబోయకుండా కుప్ప చేయించి దాని మీద టార్పాలిన్ కప్పించాడు. ఇప్పుడు ఎండ వచ్చింది కదా, తీసి పరచమన్నాడు. ఇద్దరు మొగవాళ్లు టార్పాలిన్ లాగారు. ముందు ఆవిరి వచ్చింది. తర్వాత పులిసిన వాసన. కొమ్ములు పైన జిగురుగా, నల్లగా ఉన్నాయి. భూపతి ఒకటి విరిచి చూశాడు, ఇంకొకటి విరిచాడు. టేపు రికార్డర్ ఎవరో ఆపారు.

వేడి మీద కప్పితే ఉడికిన పసుపు ముక్కుతుందని అక్కడ తెలియనివాళ్లు లేరు. కప్పమన్నది ఆయనే. కానీ ఆ మాట ఎవరు అంటారు? కూలి ఆయనది, పొయ్యి మీది యాటా ఆయనదే. అందరూ నేల చూస్తున్నారు. భూపతి తలెత్తి వేపచెట్టు వైపు చూశాడు.

"అది ఎందుకు గట్ల దూరం కూసున్నది?"

"పటేలా, నేను కళ్లంల కాలు వెట్టలే!" రత్నవ్వ లేచి నిలబడింది. "నిన్న గూడ రాలే. వెంకవ్వను అడుగు. నాకు అయిన నాడే మహేశ్వరికి గూడ అయితది, ప్రతి నెల. అది లోపట ఉన్నది, నేను బయట ఉన్న. నన్ను అడుగుతవేంది?"

అందరి కళ్లూ నా బిడ్డ మీదికి తిరిగాయి. నేను పెట్టిన జోడీ. నేను ఆరేసిన గుడ్డలు వాళ్లందరూ చూసినవే.

భూపతి వెంకవ్వను అడిగాడు. వెంకవ్వ నసిగింది. "ప్రతి నెల ఇద్దరొక్కసారే కూసుంటరు పటేలా. ఈపారి పిల్ల కూసోలే."

"నీ అత్తగారిది మోర్తాడ్ గదా," అన్నాడు భూపతి మహేశ్వరితో. అరవలేదు. అరిస్తే బాగుండేది. "గాడ మా తమ్ముని అత్తగారిల్లు ఉన్నది. కోడలు గిట్ల జేసిందని చెప్పి పంపాల్నా?"

మహేశ్వరి గంప కింద పెట్టింది. "పటేలా, నాకు ముట్టే..."

నేను పరుగెత్తి దాని చెయ్యి పట్టుకున్నాను. గోళ్లు దిగేటట్టు పట్టుకున్నాను. "తప్పయింది పటేలా! పిల్ల ఎరుకలేక వచ్చింది. దావత్ ఆశకు వచ్చింది. మోర్తాడ్‌కు చెప్పకుండ్రి, మీ కాళ్లు మొక్కుత."

అది నా వైపు తిరిగింది. నన్ను అది చాలాసార్లు కోపంగా చూసింది, విసుగ్గా చూసింది. అట్లా ఎన్నడూ చూడలేదు, ఎవరో తెలియని మనిషిని చూసినట్టు.

కడాయికి అంటు తాకితే తీర్చుకునే పద్ధతి ఒకటి ఉంది. తప్పు చేసిన మనిషి తల మీది నుంచి నీళ్లు పోసుకొని, తడిబట్టలతో, వేపమండ పట్టుకొని కడాయి చుట్టూ తిరగాలి. తిరుగుతూ తప్పయింది తల్లీ అనాలి. వెంకవ్వ బకెట్ తెచ్చింది.

"తిరుగు బిడ్డా," అన్నాను చెవిలో. "ఐదు నిమిషాల పని. గింతదాంతోని పోతది."

అది తిరిగింది. మొగవాళ్లు ఉన్నారు, చీర ఒంటికి అంటుకుపోయింది. తప్పయింది తల్లీ అని గట్టిగానే అన్నది, అందరికీ వినపడేటట్టు. నేను మాత్రం లోపల దేవుడికి దండం పెట్టుకుంటున్నాను. సంగతి బయట పడలేదు, మోర్తాడ్‌కు పోలేదు, చిన్న సిగ్గుతో గండం గడిచింది అని.

తర్వాత దానికి వేపచెట్టు కింద, రత్నవ్వ పక్కన విస్తరి వేశారు. రత్నవ్వ మెల్లగా, "నా మీదికి వస్తుండెనే, ఏం జేయాలె," అన్నది. మహేశ్వరి తన విస్తరిలోని ముక్కలన్నీ దాని విస్తరిలో వేసింది. "తిను. నువ్వు నిజంగ దూరమున్నవు, నీకు బలం గావాలె."

భూపతి మోర్తాడ్‌కు చెప్పి పంపలేదు. చెప్పాల్సిన అవసరం ఏముంది? ఆటోలు ఉన్నాయి, అంగడి ఉంది, నోళ్లు ఉన్నాయి. వారం తిరగకముందే లసుమవ్వ బస్సు దిగి మా ఇంటికి వచ్చింది. చూస్తే ఆమె చేతిలో సంచి నిండా గాజులు, కొత్త చీర, పింకికి గౌను. ముఖం నిండా నవ్వు.

"ఏం వదినె, కోడలు పటేల్ పసుపు నల్లగ జేసిందట గదా!" అని గడపలోనే నవ్వింది. "పోనియ్యి, ఆని పసుపుతోని మనకేంది. నేనైతె మనుసుల మస్తు సంబురపడ్డ."

"సంబురమా వదినె?"

"మరి? గా ఆపరేషన్ అయిన కాడి నుంచి నాకు ఒక్కటే ఫికర్. లోపల ఏం గోసిండ్రో, ఏం తీసిండ్రో అని. ఎవ్వలను అడుగుత? గిప్పుడు ఊరంత చెప్తుండ్రు, నెల తప్పకుండ వస్తదట, ఒక్క నెల గూడ తప్పదట." పింకిని ఒళ్లోకి లాక్కుంది. "హన్మండ్లు వచ్చే వారం దిగుతుండు. కోడలిని ఇయ్యాల్నే తోల్కపోత. ఈపారి మనుమడే."

నేను నీళ్లు తెస్తానని లోపలికి పోయాను. చెంబు ముంచుతుంటే నా బుర్ర పరుగు పెడుతోంది. మోర్తాడ్‌లో అత్త కళ్ల ముందు గుడ్డలు ఎట్లా ఆరేయాలి? నెలనెలా నేను పోయి రావచ్చా? హన్మండ్లు మళ్లీ దుబాయి పోయేదాకా ఎట్లాగో గడిస్తే... అక్కడిదాకా ఆలోచించాను. అంతలో మహేశ్వరి గొంతు వినపడింది.

"అత్తమ్మా, నాకు గర్భసంచి లేదు. తీసేసిండ్రు."

చెంబు వదిలి వచ్చాను. "ఊకెనే అంటుంది వదినె, పిల్లకు మతి..."

"అవ్వా, నువ్వు జర సప్పుడు జేయకు." అది లసుమవ్వ ముందు నేల మీద కూర్చుంది. "ఇరవై నాలుగు గంటల నొప్పి గాదు. సంచి తీసిండ్రు. క్యాన్సర్ అయితదన్నరు. నాకు రెండేండ్ల సంది ముట్టు లేదు."

లసుమవ్వ పింకిని ఒళ్లో నుంచి దించింది. పింకి కొత్త గౌను విప్పి చూసుకుంటోంది.

"మరి గా పసుపు?" అన్నది లసుమవ్వ.

"నాతోని గాలే."

"గాకపోతె తడిబట్టలతోని ఎందుకు తిరిగినవే? గంత మంది మొగోళ్ల ముంగట?"

"మా అవ్వ తిరుగుమన్నది."

లసుమవ్వ నా వైపు చూసింది. నేను నన్ను తిడుతుందనుకున్నాను, జుట్టు పట్టుకుంటుందనుకున్నాను. ఆమె గాజులు మళ్లీ సంచిలో పెట్టుకుంది. పింకి గౌను మాత్రం వదిలింది. "నా కొడుకుకు నేను చెప్పాలె గదా ఇగ," అని లేచింది. బస్టాండు దాకా వెంట పోయాను, మొక్కాను, ఏడ్చాను. ఆమె టికెట్‌కు చిల్లర వెతుక్కుంటూ, "వదినె, జరుగు, బస్సు పోతది," అన్నది.

సంగతి ఎట్లాగూ బయట పడింది కదా అని మర్నాడు వెంకవ్వ ఇంటికి పోయాను. కనీసం ఆ పసుపు మాటైనా నా బిడ్డ మీది నుంచి పోవాలని. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. వెంకవ్వ నోటి మీద చెయ్యి పెట్టుకుంది.

"అయ్యో సాయవ్వా, గింత పని అయిందా? పాపం పిల్ల." నాకు పీట జరిపింది. "గదే నేను అనుకుంటున్న, ఉట్టి ముట్టుకు గంత పసుపు నల్లవడ్తదా అని. సంచి లేని మనిషి కడాయిల పోసిందన్నట్టు. మరి గట్లనే గదా అయ్యేది." తర్వాత, నొచ్చుకున్నట్టే, "ఏమనుకోకు. వచ్చే ఏడు మీరిద్దరు ఇంకో గుంపు సూసుకోండ్రి. పటేల్లు ఒప్పుకోరు," అన్నది.

హన్మండ్లు వచ్చాడు. విమానం దిగి నేరుగా మోర్తాడ్ పోయాడు. రోజూ బండి శబ్దం వినపడినప్పుడల్లా నేను గుమ్మంలోకి వచ్చాను. మహేశ్వరి రాలేదు. భీమ్‌గల్ వైపు ఏదో పిల్లను చూస్తున్నారని రత్నవ్వ చెప్పిపోయింది. నిజమో కాదో.

ఒక సాయంత్రం బండి మా ఇంటి ముందే ఆగింది. హన్మండ్లు దిగలేదు, ఇంజను ఆపలేదు. చిక్కిపోయి ఉన్నాడు, మెడ కింద ఎండకు తోలు ఊడి ఉంది. పింకి పరుగెత్తితే దాన్ని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని కాసేపు హారన్ కొట్టనిచ్చాడు. మహేశ్వరి గుమ్మంలో నిలబడింది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మాట నాతో మాట్లాడాడు.

"అత్తా, నాకైన చెప్పకపోతివి. వారం వారం ఫోన్‌ల మాట్లాడితిమి గదా."

"భయమైంది బిడ్డా. చెప్తె నువ్వు ఇడిచిపెడ్తవని."

"అప్పుడు చెప్తె..." అని ఆగాడు.

"అప్పుడు చెప్తె ఉంచుకుంటుంటివా?" అన్నాను.

ఆలోచించాడు. నిజంగానే ఆలోచించాడు.

"ఏమో," అన్నాడు. "గిప్పుడైతె ఇంట్ల అందరు మోసం మోసం అంటుండ్రు. నాకేం సమజ్ అయితలేదు."

పింకిని దించాడు. బండి తిప్పుతుంటే మహేశ్వరి, "చాయ్ పెట్టిన. తాగి పోరాదు?" అన్నది.

బండి మోతలో వినపడలేదో, వినపడినా ఆగలేదో, సందు మలుపు తిరిగి పోయాడు. అది లోపలికి పోయి పొయ్యి మీది గిన్నె దించింది. రెండు గ్లాసుల్లో పోసి, ఒకటి నా ముందు పెట్టి, రెండోది పట్టుకుని పోయి వెనక గడప మీద కూర్చుని తాగింది.